డే జీరో తర్వాత పదకొండో రోజు

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం మన దువ్వాడలో ఏ టీ బడ్డీ దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఎవరు పాసయ్యారో, ఎవరికి సప్లీ పడిందో మొహాలు చూసి చెప్పేయొచ్చు. బీటెక్‌లో ఒక మ్యాథ్స్ పేపరు నేను మూడుసార్లు రాశాను కాబట్టి ఆ రెండో రకం మొహం నాకు బాగా తెలుసు. అందుకే ఇవాళ మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన ఒకాయన గురించి చెప్తాను. పేరు మీకు కొత్తేం కాదు. పోటీ పరీక్షలకు చదువుతూ జీకే పుస్తకంలో బట్టీ పట్టే ఉంటారు. టెట్రాసైక్లిన్ కనిపెట్టిన తెలుగువాడు ఎవరు? యల్లాప్రగడ సుబ్బారావు. ఒక మార్కు. తర్వాతి ప్రశ్న. (ఆ ప్రశ్నలోనే చిన్న తప్పుంది, ముందు ముందు చెప్తా.)

మూడేళ్ల కిందటి వరకు నాకూ అంతే తెలుసు. అప్పుడే నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమోతో తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఇక స్టెమ్ సెల్స్ మార్పిడే దారి అన్నారు డాక్టర్లు. దానికి దాత కావాలి, దాత కణాలు రోగి కణాలతో మ్యాచ్ కావాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డలే అయినా ఇద్దరికి పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతే. వీళ్లిద్దరికీ కలిసింది. మావాడు తన ఉద్యోగం జాయినింగ్ డేట్ పక్కన పెట్టి తమ్ముణ్ని తీసుకుని తమిళనాడులో ఒక ఆసుపత్రికి రైలెక్కాడు. కంపెనీ ఆ డేట్ పొడిగించలేదు. దాని పేరు ఇక్కడ అనవసరం.

లోపలికి ఎవర్నీ రానివ్వరు కదా, గోడ మీద అంటించిన చార్ట్ ఫొటో తీసి పంపేవాడు. మార్పిడి జరిగే రోజు డే జీరో. మన అర్రే ఇండెక్స్ సున్నాతో మొదలైనట్టే. డే 1, డే 3, డే 6, డే 11 ఎదురుగా ఒకే మందు పేరు రాసి ఉంది: మెథోట్రెక్సేట్. అది క్యాన్సర్ మందని నాకు తెలుసు. మరి పాత మూలుగంతా కీమోతో తుడిచేసి, అన్న కణాలు ఎక్కించిన మర్నాడే మళ్లీ క్యాన్సర్ మందెందుకు? ఆ ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ పోతే చివరికి భీమవరంలో తేలాను.

సుబ్బారావు అక్కడే 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, జబ్బు చేసి ముందే ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లలు. పదమూడేళ్లప్పుడు ఈ కుర్రాడు కాశీ పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ప్లాన్ వేశాడు. దారిలోనే పట్టుకొచ్చారు. నవ్వొస్తుంది గానీ, ఇంట్లో గడవని పరిస్థితిలో ఆ వయసు పిల్లాడి స్టార్టప్ ఐడియా అది. రాజమండ్రిలో చదువు, తండ్రి మరణం, రెండుసార్లు ఫెయిల్. తల్లి వెంకమ్మ గారు ఒంటి మీద బంగారం అమ్మి మద్రాసు పంపారు. అక్కడ హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. ఈసారి సన్యాసం పుచ్చుకుంటానన్నారు. రామకృష్ణ మఠం వాళ్లు తల్లి అనుమతి తెమ్మన్నారు, ఆవిడ ససేమిరా అన్నారు. సేవ చేయాలంటే వైద్యమూ సేవే కదా అని మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారే చదువు ఖర్చుకు ఆసరా అయ్యారు.

ఇక్కడ జరిగింది మీరు జాగ్రత్తగా చదవండి. గాంధీ పిలుపు విని సుబ్బారావు విదేశీ బట్ట మానేశారు. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖాదీదే. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పేపర్లు బాగా రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. అల్లోపతి డాక్టరై ఉండీ చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పారు. దాన్ని మనం ఇప్పుడు ఆఫ్‌-కోర్ జాబ్ అంటాం.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ. స్ప్రూ అని ఒక జబ్బు. పేగు తిన్నది ఒంటబట్టించుకోలేదు, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి ఎండిపోతాడు. దాంతో ఇద్దరు సోదరులు రోజుల తేడాతో పోయారు. సుబ్బారావుకూ అదే పట్టుకుంది, లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. తాను చదివిన పుస్తకాల్లో దానికి మందు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, పాతికేళ్ల తర్వాత తిరిగొస్తుంది.

1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి కొంత, మామగారు కొంత సాయం చేశారు. బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల స్కూల్లో సీటు, స్కాలర్‌షిప్ మాత్రం లేదు. ఇండియాలో డాక్టరు, అక్కడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పోర్టరు. రోగుల మలమూత్రాలు ఎత్తిపోయడం దగ్గర్నుంచి అన్నీ చేశారు. పార్ట్‌టైమ్ చేస్తూ ఎంఎస్ చదివే మన సీనియర్లు ఈ పేరా చదివి తల ఊపుతారు.

డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో కుదిరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇప్పటికీ తెలుసు. ఆ కొలబద్దతోనే కండరాల్లో ఏముందో తవ్వుతూ పోయి 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ పట్టుకున్నారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. కండరం ఎలా పనిచేస్తుందో వివరించినందుకు 1922 నోబెల్ హిల్‌కూ మేయర్‌హాఫ్‌కూ వచ్చింది. ఆ వివరణను తిరగరాయాల్సిన పరిస్థితి తెచ్చింది ఈ ల్యాబే. టెన్త్ సైన్స్‌లో మీరు చదివిన ఎనర్జీ కరెన్సీ అదే.

1930లో పీహెచ్‌డీ. ఆ తర్వాత పదేళ్లు అక్కడే. పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. చేసిన పనిలో చాలా భాగం బయటికే రాలేదు. ఫిస్క్ రానివ్వలేదని, వాటిలో కొన్నింటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టుకోవాల్సి వచ్చిందని అదే ల్యాబ్‌లో పనిచేసి 1988లో నోబెల్ అందుకున్న హిచింగ్స్ తర్వాత రోజుల్లో చెప్పుకొచ్చారు. సుబ్బారావు కూడా తన పేరు కోసం గట్టిగా అడిగే మనిషి కాదు. దీన్ని చాలామంది గొప్ప గుణంగా రాస్తారు. నాకైతే అంత గొప్పగా అనిపించదు. మన పని మీద మన పేరు లేకపోతే తర్వాతి ఉద్యోగానికి రెజ్యూమేలో ఏం రాసుకుంటాం?

ఆయనకు ఆ తర్వాతి ఉద్యోగం 1940లో, 45 ఏళ్ల వయసులో దొరికింది. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో లెడర్లే ల్యాబొరేటరీస్. యూనివర్సిటీ కాదు, మందుల కంపెనీ. మన పరవాడ ఫార్మా సిటీలో ఆర్ అండ్ డీ జాబ్ లాంటిదనుకోండి. కొద్దికాలానికే అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. అసలు కథంతా ఈ చివరి ఎనిమిదేళ్లలోనే జరిగింది.

మొదటిది ఫోలిక్ యాసిడ్. కాలేయంలో ఏదో పదార్థం రక్తహీనతను తగ్గిస్తోందని తెలుసు, అంతకుముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ గర్భిణుల రక్తహీనత ఈస్ట్ తింటే తగ్గుతోందని చూపించారు. ఆ పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారు చేయడం లెడర్లే బృందం పని. 1945కల్లా అయింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. తన సోదరుల్ని తీసుకుపోయిన జబ్బు అదే. ఇప్పుడు మన అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నదీ ఇదే.

రెండోది బోదకాలుకు హెట్రజాన్, 1947. మన ఉత్తరాంధ్రలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన డీఈసీ మాత్ర. చిన్నప్పుడు నేనూ మింగాను, ఎవరు చేశారో అడగలేదు.

మూడోది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. దాన్ని మట్టి నమూనాలోంచి పట్టుకున్నది బెంజమిన్ దుగ్గర్, యూనివర్సిటీ నుంచి రిటైరై డెబ్బై దాటాక లెడర్లేలో చేరిన వృక్షశాస్త్రవేత్త. ఆ పరిశోధన నడిపించిన డైరెక్టరు సుబ్బారావు. జీకే ప్రశ్నలో ఉన్న తప్పు ఇదే. ఆప్షన్ మార్చకండి, మార్కు పోతుంది. నిజం మాత్రం తెలుసుకోండి.

ఇక నాలుగోది, నన్ను భీమవరం దాకా లాక్కొచ్చినది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్ని చూసేవాడు. ఆ రోజుల్లో ఆ జబ్బొస్తే వారాలు, నెలలు, అంతే. ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు ఇంకా వేగంగా ముదిరినట్టు అతనికి కనిపించింది. అంటే క్యాన్సర్ కణం దాన్ని తిండిగా వాడుకుంటోంది. ఆ తిండిని ఆపితే? లెడర్లేను అడిగాడు. సుబ్బారావు బృందంలో సీగర్ తదితర కెమిస్టులు ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే నకిలీలు తయారు చేశారు. డూప్లికేట్ తాళంచెవి తాళంలో దూరి, తిరక్కుండా ఇరుక్కుపోతే ఏమవుతుంది? అసలు చెవి కూడా ఇక దూరదు. ఇదీ అంతే. కణం నకిలీని లోపలికి తీసుకుంటుంది, కొత్త డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది, విభజన ఆగిపోతుంది. వేగంగా పెరిగే కణానికే ముందు దెబ్బ తగులుతుంది.

మొదట అమినోప్టెరిన్. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలెట్టాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. ఎక్కువ కాలం నిలవలేదు, జబ్బు మళ్లీ వచ్చింది. అయినా బ్లడ్ క్యాన్సర్ ఒక మందుకు వెనకడుగు వేయడం డాక్టర్లు కళ్లారా చూశారు. అమినోప్టెరిన్‌కు ఒక చిన్న మిథైల్ గుంపు అదనంగా తగిలిస్తే వచ్చేది అమిథోప్టెరిన్. దాని మరో పేరే మెథోట్రెక్సేట్.

ఇప్పుడు ఆ గోడ మీద చార్ట్ దగ్గరికి వద్దాం.

స్టెమ్ సెల్ మార్పిడి అంటే ఆపరేషన్ అనుకుంటారు చాలామంది. కాదు. దాతకు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి మూలుగలోని మూల కణాలు రక్తంలోకి వచ్చేలా చేస్తారు. తర్వాత రక్తాన్ని ఒక మెషిన్ గుండా తిప్పి ఆ కణాల్ని పక్కకు తీస్తారు. కొన్ని గంటల పని. అటు రోగికి ముందే పెద్ద డోసు కీమోతో పాత మూలుగను ఖాళీ చేసి ఉంచుతారు. డే జీరో నాడు దాత కణాల సంచిని రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవే దారి వెతుక్కుని ఎముకల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో కొత్త రక్తం తయారు చేయడం మొదలెడతాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఏ జీపీఎస్ లేకుండా.

అయితే ఆ సంచిలో దాత రోగనిరోధక కణాలు కూడా వస్తాయి. వాటికి ఇది పరాయి ఇల్లు. ఒంట్లో ఉన్నదంతా శత్రువే అనుకుని గబగబా రెట్టింపు అవుతూ చర్మం మీద, పేగు మీద, కాలేయం మీద దాడికి దిగుతాయి. తొలి రోజుల్లో మార్పిడి చేయించుకున్న ఎందరినో ఇదే చంపింది. అమెరికాలో డొనాల్ థామస్ 1957లో మొదటి ప్రయత్నాల గురించి ప్రచురించాడు. హార్వర్డ్‌లో డాక్టరీ చదివిన మనిషి, చిన్న వయసులో ఫార్బరే ల్యాబ్‌లో చోటిచ్చాడు. ఆ మొదటి రోగులెవరూ ఎక్కువ కాలం బతకలేదు. చాలామంది డాక్టర్లు ఇది జరిగే పని కాదని వదిలేశారు. థామస్ వదల్లేదు, సియాటెల్ వెళ్లి రైనర్ స్టార్బ్ లాంటి వాళ్లతో కలిసి కుక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. దాడికి దిగే ఆ కణాలు వేగంగా విభజన చెందుతున్నాయి కదా, వేగంగా విభజన చెందేవాటిని ఆపే మందు చేతిలో ఉండనే ఉంది. మార్పిడి తర్వాత కొద్ది కొద్దిగా మెథోట్రెక్సేట్ ఇస్తే దాడి తగ్గింది. 1986లో దాన్ని సైక్లోస్పోరిన్‌తో జోడిస్తే ఇంకా బాగుందని స్టార్బ్ బృందం చూపించింది. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో జరిగింది.

డే 1, 3, 6, 11. మా క్లాస్‌మేట్ తమ్ముడి చార్ట్ మీద ఉన్నది ఆ లెక్కే. నకిలీ తాళంచెవి అప్పుడు వేసింది క్యాన్సర్ కణానికి కాదు, సొంత అన్న ఇచ్చిన కణాలకి. ఇటీవల కొన్నిచోట్ల సైక్లోఫాస్ఫమైడ్ అనే వేరే మందుతో ఈ పని చేస్తున్నారు, మెథోట్రెక్సేట్ వాడకం మారుతోంది. కీళ్లవాతానికి మీ నానమ్మ వారానికొకసారి వేసుకునే మాత్ర కూడా ఇదే అయ్యుండొచ్చు. వారానికొకసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే చీటీ ఒకసారి చూడండి.

సుబ్బారావు ఇవేవీ చూడలేదు. ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకు, 1948 ఆగస్టు 8న, నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నారట. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలొచ్చినా తీసుకోలేదు. ఇండియాకీ తిరిగి రాలేదు.

ఆ తిరిగి రాకపోవడం గురించి మన పత్రికల్లో ఒక లైనులో దాటేస్తారు. నేను దాటేయలేను. ఆయన బయల్దేరినప్పుడు శేషగిరి గారు గర్భవతి. కొన్నేళ్లలో వచ్చేస్తానని వెళ్లారు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. మొదట చదువు, తర్వాత డబ్బు, తర్వాత పని, తర్వాత యుద్ధం. పాతికేళ్లు. ఆవిడ ఇక్కడే ఉండిపోయారు. లక్షల మంది పిల్లలు బతికారు కదా అని ఒక పక్క అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ లెక్క ఆవిడ తరఫున మనం వేయకూడదు. వీసా ఇంటర్వ్యూకు రెడీ అవుతున్న మీలో కొందరికి ఈ పేరా గుచ్చుకుంటుందని తెలిసే రాస్తున్నా.

ఉద్యోగాల పేజీ కాబట్టి ఒక మాట. మార్పిడి వార్డు డాక్టర్లతోనే నడవదు. కణాలు వేరు చేసే మెషిన్ దగ్గర టెక్నీషియన్, కణాల మ్యాచింగ్ చూసే ల్యాబ్‌లో బయోటెక్ వాళ్లు, ఫ్లో సైటోమెట్రీ తెలిసిన ఎంఎల్‌టీ వాళ్లు, శిక్షణ పొందిన నర్సులు, దాతల డేటాబేస్‌లో మ్యాచ్ వెతికే ప్రోగ్రామ్ రాసే మనలాంటివాళ్లు కావాలి. దువ్వాడ పక్కనే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. అలాగే మోకాళ్ల నొప్పి నుంచి ఆటిజం దాకా అన్నిటికీ స్టెమ్ సెల్స్ అని బోర్డు పెట్టిన క్లినిక్‌లో జాబ్ వస్తే రెండుసార్లు ఆలోచించండి. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ప్రామాణిక చికిత్సగా ఒప్పుకున్నది రక్త సంబంధ జబ్బులకు చేసే ఈ మూలుగ కణాల మార్పిడినే. మిగతావి పరిశోధన దశలోనివి. ఇంకోటి, 18 నిండి ఆరోగ్యంగా ఉంటే చెన్నైలోని దాత్రి లాంటి రిజిస్ట్రీలో దాతగా నమోదు చేసుకోవచ్చు. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది ఇస్తే చాలు. తోబుట్టువుల్లో మ్యాచ్ దొరకనివాళ్లు వెతికేది ఆ లిస్టులోనే.

మావాడికి ఆ కంపెనీ పోయింది గానీ ఎనిమిది నెలల తర్వాత దువ్వాడ సెజ్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది, జీతం కాస్త తక్కువే. తమ్ముడి బ్లడ్ గ్రూపు ఇప్పుడు అన్న గ్రూపే, బీ పాజిటివ్. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఈ ఏడాది ఈసెట్ రాశాడు. ర్యాంకు రాలేదు. మళ్లీ రాస్తానంటున్నాడు.